పాత సామాను - కొత్త పొందిక

గృహాలంకరణ మనగానే కొత్త వస్తువులు కొనుటయే యని పలువురు తలంతురు. పండుగ వచ్చినను, పెండ్లి కుదిరినను చూపు ముందుగా అంగడివైపు పోవును. మూలనున్న పాత పట్టెమంచము, కాలు వదులైన కుర్చీ, అటకమీది భోషాణము, పెట్టె అడుగున మడచియుంచిన నూలుచీరలు - ఇవన్నియు ఇంటికి అడ్డముగా తోచును. పాత సామాను కొనువాడు వీధిలో కేకవేయగానే, వాడు చెప్పిన ధరకు ఒప్పుకొని వదలించుకొందుము. అట్లు వదలించుకొన్న దేమో ఒకసారి నిదానించి చూచుటకే ఈ ప్రసంగము.

కడప జిల్లాలోని కమలాపురము పాపఘ్ని ఒడ్డున, ఆ యేరు పెన్నలో కలియు తావునకు చేరువలో నున్నది. చుట్టును నల్లరేగడి భూములు, పత్తిచేలు. అల్లంత దూరమున ఎఱ్ఱగుంట్ల బండల గనులు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇట్టి సీమలో మన పెద్దలు ఏ వస్తువును ఊరక పారవేసినవారు కారు. చిరిగిన చీర బొంత యయ్యెను. బొంత చినిగిన పిదప కుండ దించు మసిగుడ్డ యయ్యెను. విరిగిన మంచపుకోడు పీటకాలుగా మారెను. ఇది పిసినిగొట్టుతనము కాదు, కరవునేల నేర్పిన పొదుపు. ఆ పొదుపులో ఒక అందము కూడ నుండెను.

మా యింట జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. మా అమ్మ పుట్టింటినుండి తెచ్చుకొన్న టేకు పట్టెమంచము కాళ్లు వదులై, మనిషి ఒత్తిగిలినప్పుడెల్ల కిఱ్ఱుమనుచుండెను. దానిని అమ్మివేసి, అద్దమువలె మెరయు పలకల మంచమొకటి కొంటిమి. రెండవ యేట వానకాలమున కిటికీనుండి జల్లు కొట్టి, పలక అంచున నీరు దిగెను. నాలుగు నాళ్లలో పలక ఉబ్బి, పైపొర లేచిపోయెను. వడ్రంగిని పిలిపించితిమి. అతడు మేకు కొట్టి చూచి, అది నిలువక ఊడిరాగా, "ఇది కొయ్య కాదమ్మా, పొట్టు. దీనికి నేను చేయగలది లేదు. మీ పాత మంచానికైతే నాలుగు చీలికలు చాలియుండును గదా" యనెను. మా అమ్మ ఆ మాట విని ఏమియు అనలేదు. అనకపోవుటయే నాకు ఎక్కువ కష్టమనిపించెను.

ఆ వడ్రంగి మాటలో శాస్త్రమున్నది. నేడు చౌకగా దొరకు పలకలలో పెక్కు, కొయ్యపొట్టును జిగురుతో కలిపి, వేడిమితో అదిమి చేసినవి. నీరు తగిలిన ఆ పొట్టు ఉబ్బును. జిగురు పట్టు విడుచును. మరల పూర్వస్థితికి రాదు. టేకు అట్టిది కాదు. దానిలో సహజముగనే నూనె యుండుటచేత నీటికి తేలికగా లొంగదు, చెదలకును సులభముగా చిక్కదు. తడిసినను నీడపట్టున మెల్లగా ఆరనిచ్చిన చాలవరకు నిలుచును. 2021 నవంబరు వరదలలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది; పాపఘ్నిమీది కమలాపురము వంతెన కూలినది. కరవుసీమ యనుకొన్న చోట నీరు ఇల్లు చొచ్చుట కూడ కలదని మన మప్పుడు చూచితిమి. కావున వస్తువును ఎన్నుకొనునపుడు మెరుపు నొక్కదానినే కాక, తడిసిన తరువాత దాని గతి యేమగునో కూడ ఆలోచింపవలెను.

ఇక పాత కొయ్యసామాను ఎందుకు వదులగునో తెలిసికొందము. కొయ్య ప్రాణము పోయిన తరువాత కూడ గాలిలోని తేమను పీల్చుచు విడుచుచు నుండును. వానకాలమున కొంచెము ఉబ్బును. మన వేసవి ఎండకు బిగిసి సన్నగిల్లును. ఒక కర్రకొస మరియొక కర్ర బెజ్జములో దూరియుండు అతుకు ఇట్లు ఏటేట కదలి కదలి వదులగును. దీనికి కొందరు పెద్ద మేకు కొట్టి బిగింతురు. అది తప్పు. మేకు కొయ్యను చీల్చును. తుప్పు పట్టి బెజ్జమును ఇంకను పెద్దది చేయును. అతుకును మెల్లగా విడదీసి, పాత జిగురును గీకివేసి, సందునకు తగిన పలుచని కొయ్యచీలికను కొత్త జిగురుతో దిగగొట్టి, నులకత్రాటితో గట్టిగా బిగించి ఒక దినము కదపక యుంచవలెను. ఈ పని మొదటిసారి వడ్రంగి చేత చేయించుకొని, ప్రక్కన నిలిచి చూచుట మంచిది. రెండవసారి మనమే చేసికొనవచ్చును.

పాత రంగును తీయుటలో మాత్రము మిక్కిలి జాగ్రత్త వలయును. పూర్వపు రంగులలో సీసము విశేషముగా కలిపెడివారు. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము 2016లో వెలువడి, 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. అంతకు ముందటి రంగు పూసిన ఉయ్యాలను గాని, తలుపును గాని పొడిగా గీకినచో లేచెడి దుమ్ములో సీసముండవచ్చును. అది పసిపిల్లల మెదడు పెరుగుదలకు హానిచేయును. పోయినది మరల రాదు. కావున అట్టి రంగును నీటితో తడిపి, తడి గరుకు కాగితముతో మాత్రమే రుద్దవలెను. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, ఆరుబయట చేయవలెను. రాలిన పొట్టును కాగితములో మూటగట్టి పారవేయవలెను గాని పొయ్యిలో వేయరాదు. ఇంట గర్భిణి గాని, పసిబిడ్డ గాని యున్నచో ఆ పనిని వాయిదా వేయుట మేలు. అందమునకై ఆరోగ్యమును పణము పెట్టుట తగదు.

కొయ్య శుభ్రపడిన పిదప మెరుగు పెట్టుట. చపడాలక్క యని అంగళ్లలో పలుచని రేకులుగా దొరకునది ఇందుకు శ్రేష్ఠము. ఇది చెట్టుకొమ్మలపై లక్కపురుగు చేసెడి సహజపదార్థము. లీటరు మెరుగు స్పిరిటులో 150 గ్రాముల చపడాను రాత్రి నానవేసిన తెల్లవారునాటికి కరగును. పలుచని గుడ్డతో వడకట్టి, దూదియుండను పాత నూలుగుడ్డలో చుట్టి, దానితో కొయ్యపొర వెంబడి పలుచగా పూయవలెను. ఒక పూత ఆరిన తరువాతనే మరియొక పూత. చిక్కగా ఒక్కసారి పూయుటకంటె పలుచగా ఐదారుసార్లు పూయుటయే మేలు. స్పిరిటు నిప్పును వేగముగా అందుకొనును గనుక పొయ్యి దరిదాపులలో ఈ పని పెట్టుకొనరాదు. ముసురు దినములలో పూసిన తెల్లని మసక కమ్మును. వేడిగిన్నెలు దింపెడి బల్లకు ఈ పూత తగదు. మంచములకు, పెట్టెలకు, పుస్తకాల బీరువాలకు తగును.

రెండవ వస్తువు పడకకుర్చీ. మధ్యాహ్నమున వసారాలో పెద్దలు నడుము వాల్చు ఈ కుర్చీకి కొయ్య చట్రము చిరకాలముండును, గుడ్డ యుండదు. క్రొత్త గుడ్డ వేయుట కుట్టునేర్చిన ప్రతి స్త్రీకిని ఒక పూట పని. పాత గుడ్డను విప్పి, దానినే కొలతగా నుంచుకొనవలెను. దళసరి నూలు కాన్వాసు తెచ్చి, కత్తిరింపక ముందే నీట నానవేసి ఆరవేయవలెను. లేనియెడల మొదటి ఉతుకునకే కురుచ యగును. రెండు కొసలను కర్ర దూరునంత వెడల్పుగా రెండు మడతలు మడచి, ఒకటి కాదు, మూడు వరుసలు కుట్టవలెను. ప్రక్క అంచులను కూడ మడచి కుట్టవలెను. ఎండకు నూలుదారము బలము కోల్పోవును గనుక దళసరి పాలియెస్టరు దారము వాడుట మంచిది. కుట్టిన వెంటనే పెద్దవారిని కూర్చుండబెట్టరాదు. ముందుగా ఒక ధాన్యపు మూటను గంటసేపు ఉంచి, కుట్టు సాగినదేమో చూడవలెను. ఏటికొకసారి కర్ర ఒరయు చోటును వ్రేలితో తడిమి చూచుచుండవలెను. గుడ్డ పిగిలి పడిన ముసలివారికి తుంటియెముక విరుగుట కద్దు. ఒక గజము గుడ్డ విషయమున చేసిన అశ్రద్ధ వారిని మంచము పట్టించును.

మూడవది బొంత. ఇది మన స్త్రీల సొత్తు. నూలుచీర పొడవు దాదాపు ఐదున్నర మీటర్లు. దానిని మూడు భాగములు చేసిన ఒక్కొక్కటి 1.8 మీటర్లుండును. రెండు చీరలకు ఆరు పొరలు. ఒకరు కప్పుకొనుటకు చాలును. గట్టిగా నున్న భాగములు పైకిని క్రిందికిని, చివికిన భాగములు నడుమకును రావలెను. మన ఇండ్లలోని కడపబండల నేల దీనికి మంచి బల్ల. నేలను తుడిచి పొరలను ఒకదానిపై నొకటి పరచి, నీరు చిలికి ముడుతలు తీసి, నాలుగు మూలల బరువులుంచవలెను. నడుమనుండి అంచులకు జానెడేసి ఎడముగా పొడుగు టాకాలు వేసినచో పొరలు జరుగవు. పిదప రెండంగుళముల ఎడముతో నిలువు వరుసలు కుట్టవలెను. ఇట్లు 22 వరుసలు వచ్చును. మొత్తము దాదాపు 40 మీటర్ల కుట్టు. వినుటకు భయముగా నుండును గాని, దినమునకు రెండు మూడు వరుసలు కుట్టినను పదినాళ్లలో ముగియును. ఇరుగుపొరుగు ముగ్గురు కూడిన రెండు మధ్యాహ్నముల పని. చివరకు చీర అంచునే చుట్టును పట్టీగా కుట్టిన అందముగా నుండును.

బొంతలోని వెచ్చదనమునకు కారణము గుడ్డ మాత్రమే కాదు, పొరల నడుమ చిక్కుకొన్న గాలి. ఒంటి వేడిమిని ఆ గాలి బయటికి పోనీయదు. కాబట్టి కుట్టును మరీ దగ్గరగా, బిగుతుగా వేయరాదు. కృత్రిమపు నూలుచీరలు దీనికి పనికిరావు. అవి జారును, చెమట పీల్చవు, నిప్పురవ్వ పడిన కరగి ఒంటికి అంటుకొనును. జమ్మలమడుగు, మాధవరము మగ్గాలపై నేసిన నూలుచీర ఎంత పాతబడిన అంత మెత్తనగును. అందుచేతనే పసిబిడ్డకు మొదటి పడక ఎప్పుడును అమ్మమ్మ చీరయే.

నాలుగవది మన ప్రాంతమునకే తగినది. 1851లో ఐజాక్ సింగరు కుట్టుయంత్రమునకు పేటెంటు పొందిన తరువాత ఆ యంత్రము లోకమంతట వ్యాపించినది. కాలితో త్రొక్కు యంత్రముల ఇనుప చట్రములు మన ఇండ్లలో ఇప్పటికిని మూలబడి యున్నవి. తలభాగము చెడిపోయినను చట్రము చెడదు. దాని తుప్పును గరుకు కాగితముతో తీసి, నల్లరంగు పూసి, పైన నునుపు చేసిన కడపబండ నమర్చిన చక్కని బల్ల యగును. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందము గల బండ దాదాపు 22 కిలోల బరువు తూగును. చట్రము దానిని మోయునా లేదా యని ముందుగా చూచుకొనవలెను. బండకును ఇనుమునకును నడుమ రబ్బరుబిళ్ల లుంచిన కదలదు. కడపబండ సున్నపురాయి గనుక నిమ్మరసము, చింతపులుసు పడిన వెంటనే తుడువవలెను; పులుపు దాని నునుపును తిని, తెల్లని మచ్చ చేయును. త్రొక్కుడుపలకను కదలకుండ బిగించుట మరువరాదు, పిల్లల వ్రేళ్లు నలుగును.

ఇది బీదల పని యని చిన్నచూపు చూచువారు కలరు. వారికి రెండు సంగతులు చెప్పవలెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941లో బ్రిటనులో బట్టలకు రేషను పెట్టిరి. 1943లో అక్కడి ప్రభుత్వమే, ఉన్నదానిని బాగుచేసికొని వాడుకొను విధము బోధించు పుస్తకము ప్రచురించినది. అమెరికాలోని అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లె యున్నది. అచటి నల్లజాతి స్త్రీలు, పొలముపనికి తొడిగి చినిగిన బట్టలతోనే చలికి బొంతలు కుట్టుకొనిరి. 2002లో ఆ బొంతలను హ్యూస్టను నగరపు కళాప్రదర్శనశాలలో గోడలకు చిత్రపటములవలె వ్రేలాడదీసిరి. తరువాత న్యూయార్కులోను ప్రదర్శించిరి. కుట్టిన చేతులకు కళ యను పేరు తెలియదు. చలి మాత్రమే తెలియును. ఆ చలికి చెప్పిన జవాబే తరువాత కళ యయ్యెను. మన బొంతలు వానికి తీసిపోవునవి కావు. చూచు కన్ను కావలెను, అంతే.

అయితే పాతదెల్ల దాచవలెనని నా అభిప్రాయము కాదు. పుచ్చి పిండి రాలుచున్న కొయ్యను ఇంట నుంచిన మంచి కొయ్యకు కూడ పురుగు పట్టును. నల్లులు నిండిన పరుపును బాగుచేయ బూనుట వృథా. వస్తువును అమ్మకముందు మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును: ఇది గట్టి కొయ్యయేనా, గట్టి నూలేనా? చెడినది అతుకా, మూలపదార్థమా? బాగుచేసినచో ఇంట దీనికి పని యున్నదా? మూడింటికిని అనుకూలమైన జవాబు వచ్చినచో, సామాను కొనువానిని మరియొక వీధికి పొమ్మనవచ్చును.

మా మంచము తిరిగి రాలేదు. ఎవరి యింట నున్నదో, ఏ పొయ్యిలో కాలినదో తెలియదు. అమ్మ మిగిల్చిన చీరలు మాత్రము నాలుగుండెను. మొన్నటి చలికాలమున వానిని బొంతగా కుట్టితిని. కుట్టు అంత నేరుగా రాలేదు, అక్కడక్కడ వంకరపోయినది. రాత్రి పడుకొనునపుడు మా మనుమరాలు ఒక్కొక్క చదరముపై వ్రేలుంచి, "ఇది ఏ పండుగ చీర అవ్వా?" యని అడుగుచున్నది. నాకు జ్ఞాపకమున్నంత వరకు చెప్పుచున్నాను. జ్ఞాపకము లేని చీర దగ్గరకు వచ్చునప్పటికి ఆ పిల్ల నిద్రపోవుచున్నది.