షుగర్ ఉన్నవాళ్లకు అలర్ట్.. లివర్‌లో మచ్చ పడితే కిడ్నీకీ ముప్పే! క్రియాటినిన్ నార్మల్ అని ధీమాగా ఉండొద్దు

కొడవలూరు: నెల్లూరు జిల్లా కొడవలూరు మండలంలో ఓ వరి రైతు ఉన్నాడనుకుందాం. వయసు 52. పదేళ్లుగా షుగర్ ఉంది. మందు అలవాటు లేదు. నెలనెలా షుగర్ చెక్ చేయించుకుంటాడు, ఏడాదికోసారి క్రియాటినిన్ కూడా చూపించుకుంటాడు. ఈసారి 1.1 వచ్చింది. 'కిడ్నీలు బాగానే ఉన్నాయిలే' అనుకుని రిపోర్టు బీరువాలో పెట్టేశాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆయన లివర్‌ని ఎవరూ చూడలేదు. యూరిన్‌లో ప్రొటీన్ పోతోందో లేదో కూడా చూడలేదు.

కిడ్నీ జబ్బు అనగానే మనకు గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడ జబ్బుకు అసలు కారణం ఏంటన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కానీ మిగతా చోట్ల కిడ్నీలు పాడవడానికి పెద్ద కారణాల్లో ఒకటి షుగర్. 2023లో విడుదలైన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది షుగర్ అంచున ఉన్నారు.

లివర్‌లో ఏం జరుగుతుంది?

టైప్-2 షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి లివర్‌లో కొవ్వు చేరుతుంది. ఇదే ఫ్యాటీ లివర్. మందు తాగనివాళ్లకూ వస్తుంది. కొవ్వు ఎక్కువ కాలం ఉంటే లివర్ లోపల వాపు మొదలవుతుంది. ఒంటి మీద పుండు మానాక మచ్చ మిగిలినట్టే, లివర్‌లోనూ వాపు వచ్చిన చోట మచ్చలు పడతాయి. దీన్నే డాక్టర్లు ఫైబ్రోసిస్ అంటారు. మచ్చలు పెరిగి లివర్ అంతా గట్టిపడితే అది సిర్రోసిస్. అంతవరకూ నొప్పి ఉండదు, కామెర్లు రావు, ఆకలి కూడా తగ్గదు. అందుకే చాలామందికి తెలియదు.

మరి కిడ్నీకి లింక్ ఏంటి?

రెండింటికీ వేరు ఒక్కటే. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడం, పొట్ట చుట్టూ కొవ్వు, బీపీ.. ఇవి లివర్‌నూ కిడ్నీనీ ఒకేసారి దెబ్బతీస్తాయి. దానికి తోడు జబ్బుపడిన లివర్ నుంచి వాపును పెంచే పదార్థాలు రక్తంలోకి వచ్చి, కిడ్నీలోని సన్నని రక్తనాళాలపై ప్రభావం చూపుతాయని పరిశోధకులు చెబుతున్నారు.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 12 లక్షల మందికి పైగా డేటాను కలిపి చూసిన ఓ విశ్లేషణ 2022లో 'గట్' అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వచ్చే రిస్క్ సుమారు 1.4 రెట్లు ఎక్కువని తేలింది. లివర్‌లో మచ్చలు ముదిరినవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

క్రియాటినిన్ ఎందుకు మోసం చేస్తుంది?

కిడ్నీల పనితనం దాదాపు సగం తగ్గేదాకా క్రియాటినిన్ నార్మల్‌గానే కనిపించొచ్చు. ఇంకో మెలిక కూడా ఉంది. క్రియాటినిన్ తయారయ్యేది కండరాల నుంచి. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు కండ కరిగిపోతుంది. కండ తగ్గితే క్రియాటినిన్ కూడా తక్కువే వస్తుంది. అంటే లోపల కిడ్నీ పాడవుతున్నా, రిపోర్టు మాత్రం బాగున్నట్టే చూపిస్తుంది.

అందుకే యూరిన్‌లో అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో టెస్ట్ ముఖ్యం. ఇది 30 దాటితే కిడ్నీ ఫిల్టర్ నుంచి ప్రొటీన్ లీక్ అవుతోందని అర్థం. జ్వరం, యూరిన్ ఇన్‌ఫెక్షన్ లాంటివి ఉన్నా పెరగొచ్చు కాబట్టి మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి. టైప్-2 షుగర్ ఉన్నవాళ్లు దీన్ని ఏడాదికోసారి చేయించుకోవాలి.

లివర్‌కు ఈజీ లెక్క.. ఫిబ్-4

దీనికి ఖరీదైన స్కాన్ అక్కర్లేదు. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్స్.. ఈ నాలుగూ ఉంటే చాలు. వయసును ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్స్‌ను (వేలల్లో) ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదాంతో భాగించాలి.

మన రైతు సంగతి చూద్దాం. వయసు 52, ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్స్ లక్షా 60 వేలు అనుకుంటే.. 52 x 48 = 2496. 160 x 6 = 960. భాగిస్తే 2.6.

* 1.3 కంటే తక్కువైతే రిస్క్ తక్కువ (65 ఏళ్లు దాటితే 2.0 వరకు)
* 1.3 నుంచి 2.67 మధ్య అయితే ఫైబ్రోస్కాన్ లాంటి టెస్ట్ అవసరం
* 2.67 దాటితే లివర్ స్పెషలిస్ట్‌ను కలవాల్సిందే

ఆయనది దాదాపు ప్రమాదం గీత దగ్గరే ఉంది. విడివిడిగా చూస్తే మాత్రం ఏ రిపోర్టూ భయపెట్టేలా లేదు!

షుగర్ దానంతట అదే తగ్గుతోందా? సంతోషపడొద్దు

మందులు, తిండి మార్చకుండానే షుగర్ తరచూ డౌన్ అవుతుంటే 'జబ్బు నయమవుతోంది' అనుకుంటారు చాలామంది. నిజానికి కిడ్నీ దెబ్బతింటే ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు ఉండిపోతుంది. లివర్ దెబ్బతింటే అవసరానికి గ్లూకోజ్ తయారు చేయలేదు. రెండూ కలిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

ఇప్పుడేం చేయాలి?

* దగ్గర్లోని పీహెచ్‌సీకో, ఊరికి వచ్చే 104 వాహనం దగ్గరకో వెళ్లినప్పుడు పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. ఫిబ్-4, యూరిన్ టెస్ట్ గురించి అడగండి. ఫ్యాటీ లివర్‌ను కేంద్రం 2021లోనే షుగర్, బీపీల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.
* నాట్లు, కోతల సీజన్‌లో ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని మింగొద్దు. లివర్, కిడ్నీ రెండూ వీక్‌గా ఉన్నవాళ్లకు ఇవి పెద్ద దెబ్బ. తెలియని ఆకు పసర్లు కూడా అంతే.
* బరువు ఎక్కువ ఉంటే 7 నుంచి 10 శాతం తగ్గించండి. 80 కిలోల మనిషి 6 నుంచి 8 కిలోలు తగ్గితే లివర్‌లో వాపు తగ్గి, మచ్చలు కూడా తగ్గే అవకాశం ఉంది.
* అన్నం మానక్కర్లేదు, ప్లేటులో సగం కూరగాయలకు ఇవ్వండి. చేపల పులుసు తినొచ్చు, ఉప్పు తగ్గించాలి. మందు వద్దు.
* ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు కిడ్నీకి కూడా రక్షణ ఇస్తాయి. 2025 మార్చిలో పేటెంట్ ముగిశాక ధర బాగా తగ్గింది. అయితే డాక్టర్ రాయకుండా వాడకూడదు.

డయాలసిస్ దాకా వెళ్తే వారానికి రెండు మూడు రోజులు ఆసుపత్రికే పోతాయి. పొలం పని, కూలి అన్నీ ఆగిపోతాయి. ముందే పట్టుకుంటే మందులు, తిండితోనే జబ్బును చాలాకాలం అదుపులో ఉంచొచ్చు. బీరువాలో ఉన్న ఆ పాత రిపోర్టు ఒక్కసారి బయటకు తీయండి.. అమ్మదైనా, నాన్నదైనా!

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ నిర్ణయమైనా డాక్టర్ సలహాతోనే తీసుకోండి.)