దూరాన ఉన్నవారి కోసం ఒక నక్షత్రం

జర్మనీ దేశపు తూర్పు అంచున నీస్కీ అనే చిన్న పట్టణం ఉంది. మొరేవియన్ సంఘం వారు అక్కడ ఒక వసతి పాఠశాల నడిపేవారు. ఆ సంఘపు మిషనరీలు గ్రీన్‌లాండ్ మంచులోకి, కరీబియన్ దీవులకు, దక్షిణాఫ్రికాకు సువార్త పనిమీద వెళ్తూ తమ పిల్లలను ఇలాంటి బడులలో విడిచిపెట్టి వెళ్లేవారు. ఒక్క ఉత్తరం చేరడానికి నెలలు పట్టే రోజులవి. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆ బడిలో రేఖాగణితం నేర్పడానికి పిల్లల చేత కాగితపు నక్షత్రాలు చేయించారు. క్రమంగా అది ఆగమన కాలపు మొదటి ఆదివారం నాడు అందరూ కలిసి చేసుకునే పని అయింది. 25 కోణాలతో నేటికీ తయారవుతున్న హెర్న్‌హూత్ నక్షత్రం పుట్టింది అలాగే. కన్నవారికి దూరమైన పిల్లల చేతుల్లో అది రూపుదిద్దుకుందన్న సంగతి దాన్ని కొనేవారిలో చాలామందికి తెలియదు.

ప్రభువు జన్మవృత్తాంతంలో ఒక విశేషం ఉంది. బేత్లెహేము పొలాల్లోని కాపరులకు నక్షత్రం కనబడినట్లు లూకా రాయలేదు. వారు దగ్గరివారు, దూత మాట చాలింది. నక్షత్రం కనిపించినట్లు మత్తయి చెప్పింది ఎక్కడో తూర్పు దేశం నుంచి రావలసిన జ్ఞానులకు. దూరాన ఉన్నవారి కోసం వెలిగిన దీపం అది. మన వీధుల్లో మాత్రం ఎవరి నక్షత్రం పెద్దదో, ఎవరిది ఖరీదైనదో అన్న పోటీ కనబడుతోంది. డిసెంబరు రాగానే కూలి డబ్బుల్లోంచి దానికీ కొంత తీయాల్సి వస్తోందని కొన్ని కుటుంబాలు బాధపడటం మాకు తెలుసు.

ఇవన్నీ లోకాచారాలు కావా అని అడిగే విశ్వాసులూ ఉన్నారు. మంచి ప్రశ్నే. జ్ఞానులు నక్షత్రాన్ని చూసి ఆనందించారు గానీ, సాగిలపడింది శిశువు ఎదుట. ఆ తేడా మనకు గుర్తుంటే చాలు. ఇక చేతిపని సంగతంటారా, ప్రత్యక్ష గుడారం పనికి బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపాడని నిర్గమకాండం 31వ అధ్యాయం చెబుతోంది. నింపింది ప్రసంగం చేయడానికి కాదు, చెక్కడానికి, పొదగడానికి!

కాబట్టి ఇంట్లోనే చేసుకుందాం. రెండడుగుల సన్నని వెదురు బద్దలు పది కావాలి. అంచులు గుచ్చుకోకుండా పెద్దవాళ్లు చాకుతో నునుపు చేసి ఇవ్వాలి. పలక మీద చేయి ఎత్తకుండా నక్షత్రం గీస్తాం గదా, అలాగే ఐదు బద్దలు పేర్చి ఐదు కొనలూ దారంతో గట్టిగా కట్టాలి. రెండోదీ అంతే. ఒకదాని మీద ఒకటి పెట్టి కొనలు మాత్రమే కలిపి కట్టాలి. మధ్యలో బద్దలు ఒకదానినొకటి దాటే చోట్లు ఐదు ఉంటాయి. ఒక్కో చోట నాలుగంగుళాల పుల్లను రెండు చట్రాల మధ్య నిలబెడితే నక్షత్రం పొట్ట ఉబ్బి బిగుస్తుంది. పిల్లలు చప్పట్లు కొట్టేది ఇక్కడే.

జిగురుకు మైదాపిండిని నీళ్లలో కలిపి సన్నసెగ మీద ఉడికిస్తే సరి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చేతులు పెట్టే జిగురులో వద్దు. గాలిపటాల కాగితం అంటించి, వెనుక ఒక్క కోణం వదిలేస్తే అందులోంచి బల్బు దించవచ్చు. ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాత బల్బు వేడికి కాగితం అంటుకుంటుంది. కొవ్వొత్తి మాట అసలు తలపెట్టవద్దు.

చిన్నపిల్లలకు బద్దలు కట్టడం రాదు. వారికి ఒక బెండకాయ ఇవ్వండి. అడ్డంగా కోసి రంగులో అద్ది కాగితం మీద నొక్కితే ఐదు కోణాల ముద్ర పడుతుంది. దళసరి కాగితాన్ని మడిచి, పైన ఆ నక్షత్రాలు, లోపల పిల్లవాడి అరచేతి ముద్ర వేయిస్తే శుభాకాంక్షల కార్డు అయిపోయినట్లే.

ఎవరికి పంపాలి? కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లిన తల్లులున్నారు. వారి పిల్లలు అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర పెరుగుతున్నారు. హాస్టళ్లలో ఉండి సెలవు దొరకని పిల్లలున్నారు. మన సంఘంలో అలాంటి ఇల్లు ఏదో మనకు తెలుసు. ఆ పిల్లలను పిలిచి మన పిల్లల పక్కన కూర్చోబెట్టి చేయిద్దాం. తల్లి చేతికి అందే అరచేతి ముద్ర ఫోన్‌లో చూసే బొమ్మలాంటిది కాదు, ఆమె దాని మీద తన చేయి ఆనించుకోగలదు. కార్డు నవంబరులోనే పోస్టు చేయాలి.

నక్షత్రం వెలిగించేటప్పుడు ఆమెకు వీడియోలో చూపించవచ్చు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మన రాత్రి ఎనిమిదికి అక్కడ సాయంత్రం ఐదున్నర, బహుశా వంటింట్లో పని ముమ్మరంగా ఉండే వేళ. ఆమెకు ఎప్పుడు తీరుతుందో ముందే అడిగి, అప్పటిదాకా స్విచ్చి వేయకుండా ఉంచండి.