తెల్లబట్ట ముచ్చట దాచుడెందుకు?

కడుపుతోని ఉన్న ఆడబిడ్డకు కాళ్లు వాస్తే ఇంటిల్లిపాది అడుగుతరు. గదే తెల్లబట్ట అయ్యి, దురద లేస్తే ఎవ్వలకు చెప్పుకోదు. చెప్పినా మన పూడూరు దిక్కు ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’ అని ఊకుంటరు.

ఇది వేడి కాదు, తిరుగుబోతు రోగం అసలే కాదు. కాండిడా అనే బూజు జాతి సూక్ష్మజీవి చానమంది ఒంట్ల మామూలుగనే ఉంటది. గర్భంతోని ఈస్ట్రోజెన్ హార్మోన్ పెరిగితే యోని గోడలల్ల గ్లైకోజెన్ జమైతది. గా చక్కెర మీద కాండిడా బలుస్తది. విరిగిన పాలోలె తెల్లగ పడుడు, దురద, మంట దీని గుర్తులు. షుగరు ఉన్నోళ్లకు, యాంటీబయాటిక్ వాడినోళ్లకు ఎక్కువొస్తది. మల్ల మల్ల వస్తుంటే షుగరు పరీక్ష చేయించాలె.

భయం రోగంతోని కాదు, సొంత వైద్యంతోని. మెడికల్ షాపుల అడిగి ఫ్లూకోనజోల్ గోలి మింగొద్దు. గర్భిణులకు డాక్టర్లు మామూలుగ అది రాయరు. లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మందు ఏడు దినాలకు రాస్తరు. డెటాల్‌తోని, సబ్బుతోని లోపల కడుగొద్దు. నూలు బట్టలే కట్టాలె.

చెడు వాసనొచ్చినా, నీళ్లోలె కారినా, నెత్తురు కనబడ్డా, జరమొచ్చినా ఒక్క దినం సుత ఆగొద్దు. అది వేరే సమస్య కావొచ్చు.

ప్రతి నెల 9వ తారీఖున సర్కారు దవాఖానల్ల గర్భిణులకు ఉచిత పరీక్షలుంటయి. ఆశా అక్కకు చెప్పినా తోలుకపోతది. తమ్ముళ్లూ, ‘ఆడోళ్ల ముచ్చట’ అని మొఖం తిప్పకుండ్రి. వదినెనో, భార్యనో సిగ్గుపడకుండ చెప్పుకునేటట్టు చూడుండ్రి, బండి తీయుండ్రి.