ద వుమన్ ఇన్ వైట్ (నవల)

ద వుమన్ ఇన్ వైట్ (తెల్లని దుస్తులలోని స్త్రీ అని అర్థము) ఆంగ్ల రచయిత విల్కీ కాలిన్స్ వ్రాసిన సస్పెన్స్ నవల. ఛార్లెస్ డికెన్స్ నడిపిన "ఆల్ ద ఇయర్ రౌండ్" వారపత్రికలో 1859 నవంబరు నుండి 1860 ఆగస్టు వరకు ధారావాహికగా వెలువడి, 1860లోనే మూడు సంపుటాల పుస్తకంగా వచ్చినది. పైకి ఇది ఆస్తి కొరకు జరిగిన కుట్ర కథ. కాని కథను నడిపించేది అక్కాచెల్లెళ్ళ బంధమే.

కథ

(గమనిక: కథలోని రహస్యాలు ఈ భాగములో చెప్పబడినవి.)

వాల్టర్ హార్ట్‌రైట్ అనే చిత్రలేఖన ఉపాధ్యాయునికి ఒక రాత్రి లండను పొలిమేర దారిలో తెల్లని దుస్తులు ధరించిన స్త్రీ ఎదురవుతుంది. ఆమె పిచ్చాసుపత్రి నుండి తప్పించుకొని వచ్చిన ఆన్ కాథరిక్. తరువాత అతడు చిత్రలేఖనము నేర్పడానికి వెళ్ళిన ఇంటిలోని లారా ఫెయిర్లీ అచ్చముగా ఆన్ పోలికలతో ఉంటుంది. వాల్టర్, లారా పరస్పరం ప్రేమించుకొంటారు. అయినా మరణశయ్యపై ఉన్న తండ్రికి ఇచ్చిన మాట కొరకు లారా సర్ పెర్సివల్ గ్లైడ్‌ను పెళ్ళాడుతుంది. ఆమె అక్క మారియన్ హాల్కోంబ్ (తల్లి ఒకరే, తండ్రులు వేరు) కూడా ఆ ఇంటిలోనే ఉంటుంది.

లారా ముందుగా మరణిస్తే ఆమె ఇరవై వేల పౌండ్లు భర్తకు చెందుతాయి. అప్పులపాలైన పెర్సివల్, అతని మిత్రుడు కౌంట్ ఫాస్కో కలిసి, గుండెజబ్బుతో మరణించిన ఆన్‌ను లారా పేరుతో సమాధి చేయించి, లారాను ఆన్ పేరుతో పిచ్చాసుపత్రిలో బంధిస్తారు. ఆన్ వలన ఏదైనా తెలియునేమోనని అక్కడికి వెళ్ళిన మారియన్‌కు చెల్లెలే కనబడుతుంది. నర్సుకు లంచమిచ్చి ఆమెను బయటికి తెస్తుంది. సొంత పినతండ్రి మాత్రం లారాను గుర్తించడు.

చివరకు రెండు కుటుంబ రహస్యాలు బయటపడతాయి. పెర్సివల్ తల్లిదండ్రులకు అసలు వివాహమే కాలేదు. చర్చి రిజిస్టరులోని నమోదు అతడు దొంగతనముగా చేర్చినది. ఆన్, లారా తండ్రికి వివాహేతరముగా పుట్టిన కూతురు. అనగా కుట్రకు బలి అయిన ఇద్దరూ, ఆ సంగతి తెలియని అక్కాచెల్లెళ్ళు. మారియన్ బ్రతికున్న చెల్లెలి కొరకు దుఃఖించినది. నిజముగా చనిపోయిన ఆన్ కొరకు విలపించినది ఆమెను పెంచిన శ్రీమతి క్లెమెంట్స్ మాత్రమే. సమాధిపై ఆన్ పేరు చెక్కబడేది నవల ముగింపులోనే.

విశేషాలు

కుట్రను తేల్చేది ఒక తేదీ. మరణ ధృవపత్రములో జూలై 25 అని ఉండగా, లారా లండనుకు ప్రయాణమైనది జూలై 26న. తమాషా ఏమిటంటే మొదటి ముద్రణలో కాలిన్స్ లెక్కే తప్పినది. 1860లో "ద టైమ్స్" సమీక్ష ఎత్తిచూపగా తరువాతి ముద్రణలో సవరించాడు. నాటి ఇంగ్లండులో వివాహిత ఆస్తిపై హక్కు చాలవరకు భర్తదే. ఈ స్థితిని మార్చిన చట్టాలు 1870, 1882లలో వచ్చినవి.

తెలుగులో

ఈ నవల ప్రేరణతో వచ్చినదని చెప్పబడే హిందీ చిత్రము "వో కౌన్ థీ?" (1964). దీని తెలుగు రూపము జగ్గయ్య, జయలలిత నటించిన "ఆమె ఎవరు?" (1966). ఇందులో పోలికకు కారణము కవల సోదరి. కాని మారియన్ వంటి అక్క లేదు. నవలకు ప్రాణమైన పాత్ర అదే కనుక ఇది చిన్న లోటు కాదు.

తెలుగు సస్పెన్స్ నవలలు కూడా చాలావరకు వారపత్రికల ధారావాహికలుగానే పాఠకులను చేరినవి. యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినది. పాత పత్రికలు చూడదలచినవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము ముఖ్యమైన చోటు. 1891లో అసఫియా గ్రంథాలయముగా మొదలైన ఈ సంస్థ 1936లో మూసీ ఒడ్డునున్న ఈ భవనములోకి మారినది.