రెండు తాళాలు, ఒకే జేబు

కువైట్ నగరంలోని షర్క్ ప్రాంతం ధనం కదలాడే చోటు. ఆ దేశపు కేంద్ర బ్యాంకు భవనం ఇక్కడనే సముద్రతీరాన ఉన్నది. చేపల బజారు, సూక్ షర్క్ అంగళ్ళు కూడ ఇక్కడివే. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల తెలుగువారు ఈ దేశంలో అసంఖ్యాకంగా ఉన్నారు. అట్టివారిలో ఒకరు శుక్రవారం సాయంకాలం ఈ తీరాన ఫోను పోగొట్టుకొన్నారనుకొందాము. మరునాడు కుమార్తె కళాశాల రుసుము చెల్లించవలసి ఉన్నది. స్వదేశపు బ్యాంకులో సొమ్మున్నది, పాస్‌వర్డు జ్ఞాపకమున్నది. మిత్రుని ఫోను చేతిలో ఉన్నది. అయినను ఖాతా తెరుచుకోదు. ఎందువలన?

మనిషి తన గుర్తింపును మూడు విధాల రుజువు చేసుకొనగలడు: తనకు తెలిసిన రహస్యంతో, తన వద్ద ఉన్న వస్తువుతో, వేలిముద్ర వంటి దేహలక్షణంతో. ఇందులో వేరువేరు కోవలకు చెందిన రెండింటిని అడగడమే రెండంచెల ధ్రువీకరణ. ఏటీఎం కార్డు, దాని పిన్ ఇందుకు పాత ఉదాహరణ. ఇంటర్నెట్‌లో కార్డుతో జరిపే చెల్లింపులకు అదనపు ధ్రువీకరణను భారతీయ రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుండి తప్పనిసరి చేసినది. పాస్‌వర్డు దొంగ చేతికి చిక్కినా, రెండవ తాళం అతనిని ఆపుతుంది. అయితే యజమానినీ అదే ఆపగలదు.

ఈ రెండవ తాళం ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఎస్.ఎం.ఎస్.గా వచ్చే ఓటీపీ. ఇది ఫోనుకు గాక సిమ్ సంఖ్యకు చేరుతుంది. కనుక అదే సంఖ్యతో మరొక సిమ్ పొందితే తాళంచెవి తిరిగి లభించినట్లే. కువైట్ సిమ్ అయితే పౌర గుర్తింపు కార్డుతో స్థానిక దుకాణంలో దొరకుతుంది. భారతీయ సిమ్ కొరకు సాధారణంగా చందాదారు స్వయంగా స్వదేశానికి వెళ్ళవలసి వస్తుంది. పైగా 90 దినాలు వాడని ప్రీపెయిడ్ సంఖ్యను రద్దు చేయడానికి అవకాశమున్నది.

రెండవది ఫోనులోని ఆథెంటికేటర్ యాప్. దానిని అమర్చునపుడు చతురపు గళ్ళ చిత్రం ద్వారా ఒక పొడవాటి రహస్య సంఖ్య ఫోనులోనికి చేరుతుంది. దాని ప్రతి సేవాసంస్థ వద్ద ఉంటుంది. ఆ సంఖ్యను గడియారపు సమయంతో కలిపి గణితసూత్రంలో వేయగా, సాధారణంగా 30 క్షణాలకొకసారి కొత్త ఆరంకెలు వెలువడతాయి. రెండు చోట్ల ఒకే లెక్క కనుక ఒకే ఫలితం. దీనికి సిమ్ గాని, ఇంటర్నెట్ గాని అవసరం లేదు. కాని కొత్త సిమ్ తెచ్చుకొన్నంత మాత్రాన ఆ రహస్య సంఖ్య తిరిగి రాదు. దాని ప్రతిని ముందుగా వేరొక చోట భద్రపరచి ఉండాలి.

2020లో వచ్చిన కువైట్ మొబైల్ ఐడీ కూడ ఫోనులోనే ఉంటుంది. కొత్త ఫోనులో దానిని మరల నమోదు చేసుకొనవలెను.

ఫోను పోయిన వెంటనే ఇతరుల ఫోనుతో సిమ్‌ను నిలిపివేయించాలి, పిదప బ్యాంకులకు తెలపాలి. ఆలస్యమైతే దొంగ ఆ సిమ్‌ను తన ఫోనులో వేసి ఓటీపీలను అందుకోగలడు. సిమ్‌కు పిన్ పెట్టుకొన్నవారికి ఈ భయం తక్కువ. తరువాత ఈ-మెయిలు పాస్‌వర్డు మార్చి, ఫోనును దూరం నుండి బంధించాలి.

ముందు జాగ్రత్త ఇంతకంటె సులభం. అనేక సేవలు ఒక్కొక్కటి ఒకేసారి పనిచేసే అత్యవసర సంకేతాలను ఇస్తాయి. వాటిని కాగితంపై వ్రాసి పాస్‌పోర్టుతో ఉంచవలెను. ఫోనులో ఫొటో తీసి దాచుట వ్యర్థం. ప్రవాస ఖాతాకు విదేశీ సంఖ్యను అంగీకరించే బ్యాంకులు కొన్ని ఉన్నాయి; తమ బ్యాంకు అంగీకరిస్తుందేమో కనుగొనుట మంచిది.

ఇంటి తాళంచెవి రెండవ ప్రతిని నమ్మకమైన చోట దాచడం మన పెద్దల అలవాటు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట కంటె, ఈ సాయంకాలమే ఆ కాగితాన్ని వ్రాసి ఉంచుట మేలు.