ఇసుకలో దించిన గాలి మళ్లీ నింపేదెలా? కంప్రెసర్ కొనేముందు చూడాల్సిన లెక్కలు

నాలుగు టైర్లలో గాలి దించడానికి పది నిమిషాలు చాలు. తిప్పలన్నీ మళ్లీ నింపడంలోనే.

దిల్లీ నుంచి జైసల్మేర్ వెళ్లినప్పుడు సమ్ ఇసుక దిబ్బల దగ్గర మాకిది తెలిసొచ్చింది. వెంట తెచ్చుకున్న చిన్న ఇన్‌ఫ్లేటర్ రెండో టైరు సగంలో ఉండగానే వేడెక్కి ఆగిపోయింది. అది చల్లారేసరికి చీకటి పడింది.

ఇసుకలో కూరుకుపోకుండా ఉండేందుకు టైరు ఒత్తిడిని 30-32 పీఎస్‌ఐ నుంచి 15-18కి దించుతారు. అప్పుడు టైరు పరుచుకుని, బండి బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది. కానీ అదే ఒత్తిడితో హైవే ఎక్కి వేగం పెంచితే సైడ్‌వాల్ వేడెక్కి టైరు పేలే ప్రమాదం ఉంది. అందుకే తారు రోడ్డు ఎక్కీ ఎక్కగానే గాలి కొట్టాలి. దగ్గర్లో బంకు ఉండకపోవచ్చు.

గురుగ్రామ్, నోయిడాల మధ్య తిరిగే ఎస్‌యూవీకి ఇవేవీ అక్కర్లేదు. పెట్రోల్ బంకుల్లో గాలి ఉచితంగానే పట్టాలి. పక్కనే ఉన్న ఆరావళి కొండల్లోకి బండి దించుదామనుకుంటే ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోండి. అక్కడి పంజాబ్ భూసంరక్షణ చట్టం ప్రత్యేక ఉత్తర్వుల కిందున్న భూములను అడవిగానే చూడాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఎంత గాలి కావాలి?

థార్‌లో వచ్చే 255/65 ఆర్18 టైరు లోపల సుమారు 70 లీటర్ల జాగా ఉంటుంది. 18 నుంచి 32 పీఎస్‌ఐకి పెంచడమంటే 14 పీఎస్‌ఐ చేర్చడం. ఇది దాదాపు ఒక వాతావరణ పీడనం. అంటే టైరుకు మరో 65-70 లీటర్లు, నాలుగింటికీ కలిపి 270 లీటర్ల బయటి గాలి ఎక్కించాలి.

డబ్బా మీద ‘నిమిషానికి 35 లీటర్లు’ అని రాసి ఉంటే ఎనిమిది నిమిషాల్లో అయిపోతుందనుకోవద్దు. ఆ అంకె సాధారణంగా ఎదురు ఒత్తిడి లేనప్పటిది. టైరు నిండేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది. 30 పీఎస్‌ఐ దగ్గర ఎంత ఇస్తుందో, ఆపకుండా ఎన్ని నిమిషాలు నడుస్తుందో అడగండి. మేం అడగనిది ఈ రెండో ప్రశ్నే. పెట్టెపై పెద్దక్షరాల్లో కనిపించే ‘150 పీఎస్‌ఐ’తో మీకు పని లేదు.

కరెంటు ఎక్కడి నుంచి?

కారు సిగరెట్ లైటర్ సాకెట్‌కు చాలా బళ్లలో 15 ఆంపియర్ల ఫ్యూజే ఉంటుంది. 12 వోల్టుల లెక్కన 180 వాట్లు. అంతకు మించి లాగే కంప్రెసర్‌ను సాకెట్‌లో పెడితే ఫ్యూజ్ పోతుంది. పెద్ద టైర్లకు సరిపోయేవి 30 ఆంపియర్లు, ఆపైన తీసుకుంటాయి. వాటిని క్లిప్పులతో నేరుగా బ్యాటరీకే తగిలించాలి, ఇంజిన్ నడుస్తూ ఉండాలి.

చేతిలో ఇమిడే ఛార్జింగ్ ఇన్‌ఫ్లేటర్లు నెమ్మదిగా గాలి దిగే ఒక టైరుకు బాగా పనికొస్తాయి, నాలుగు పెద్ద టైర్లకు కాదు. పైగా మే, జూన్ నెలల్లో దిల్లీ ఎండలో మూసి ఉంచిన కారులో లిథియం బ్యాటరీ వదిలేయడం మంచిది కాదు.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరు అన్నిటికంటే వేగం. కిలో ద్రవం నుంచి 500 లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది. అయితే ఊరు దాటితే రీఫిల్ దొరకడం కష్టం, కారు వేడెక్కితే సిలిండరులో పీడనం బాగా పెరుగుతుంది. మన ఎండలకు నేనైతే వద్దంటాను.

లద్దాఖ్ వెళ్తున్నారా?

సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో గాలి మూడో వంతు పలచన. అదే కంప్రెసర్‌కు ఎక్కువ సమయం పడుతుంది. దిల్లీలో నింపిన టైరు అక్కడ గేజ్‌పై నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపాలి. కానీ చలికి ప్రతి ఐదారు డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది కాబట్టి రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు. పొద్దున్నే, బండి కదలకముందు కొలిచాకే చెయ్యి పెట్టండి.

కశ్మీరీ గేట్‌లోనో కరోల్‌బాగ్‌లోనో కొంటుంటే దుకాణం ముందే ఒక టైరును 18కి దించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 32కి ఎక్కించమనండి. కొలవడానికి మీ సొంత గేజ్ తీసుకెళ్లండి. ఆ టైరు వెనకది అయితే ఇంకా నయం. బానెట్ కింది బ్యాటరీ నుంచి పైపు అక్కడిదాకా అందుతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.