గాదె కింద గాలి ఆడితేనే విత్తనం దక్కేది

ఏరువాకకు గాదె తెరిస్తే పై ధాన్యం బాగానే ఉంటుంది. అడుగు ధాన్యం మాత్రం నల్లబడి ముక్క వాసన కొడుతుంది. విత్తనానికని దాచుకున్న శ్రీకాకుళం సన్నాలు అలా పోతే మళ్లీ కొనక తప్పదు. "ఏటవుతాది, ఏటేటా ఇలాగే పెడతన్నాం" అనుకోవద్దు. ఒకసారి గాదె బల్లల కిందకు వంగి చూడండి.

తేమ ఎలా ఎక్కుతుంది?

పైకి పొడిగా కనిపించినా నేల నుంచి ఆవిరి లేస్తూనే ఉంటుంది. బల్లల కింద గాలి ఆడితే అది బయటకు పోతుంది. చలికో, ఎలుకలకో భయపడి ఆ ఖాళీలో గడ్డి, ఊక కుక్కితే ఆవిరి అక్కడే చిక్కుకుంటుంది. బల్ల పుచ్చుతుంది, చెద పడుతుంది, ధాన్యం చెమ్మ పీలుస్తుంది. చలిదేశాల్లో చెక్క నేలల ఇళ్లకూ ఇదే చిక్కు.

అలాగని బల్లల మీద ధాన్యం నేరుగా పోయకూడదు. చలి రాత్రుల్లో బల్ల చల్లబడితే ధాన్యంలోని తేమ అక్కడికే చేరుతుంది. అందుకే పరుపు బల్ల పైన వేయాలి, కింద ఖాళీ ఉంచాలి.

ఏం చేయాలి?

* బల్లలు నేలకు కనీసం అడుగున్నర ఎత్తులో ఉండాలి. చుట్టూ గోడ ఉంటే ఎదురెదురుగా కంతలు పెట్టి, ఎలుకలు దూరకుండా ఇనుప జల్లెడ బిగించాలి.
* చూరు నీరు కిందకు రాకుండా చుట్టూ మట్టి వేసి వాలు తీయాలి.
* రాత్రి కింది నేల మీద ప్లాస్టిక్ ముక్క పరిచి అంచులకు మట్టి వేయండి. తెల్లారి దాని అడుగున చెమ్మ పడితే, నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిచి పైన ఇసుక పోయాలి. పట్టాను బల్లకు మాత్రం చుట్టకూడదు, చెక్కలోని తేమ ఆరదు.
* బాగా ఎండిన ఊకను పాత గోనె సంచుల్లో నింపి బల్లలపై పరుపులా పరిచి, పైన చాప వేయాలి. ఏటా ఊక మార్చాలి.

ఇవన్నీ చేసినా పచ్చి ధాన్యం పోస్తే ఫలితం ఉండదు. విత్తన వడ్లలో తేమ 13 శాతం, మినుముల్లో 9 శాతం మించకూడదు. పొడి సీసాలో గుప్పెడు వడ్లు, కాస్త పొడి ఉప్పు వేసి కుదపండి. ఉప్పు సీసాకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే, మళ్లీ ఎండబెట్టాలి. అంటుకోకపోయినా విత్తనానికైతే మరో ఎండ చూపించడం మంచిది.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వానలు గుర్తున్నాయి కదా! అలాంటి వాన వెలిసిన వెంటనే గాదె కింద నిలిచిన నీరు తోడేయండి, జల్లెడలకు పట్టిన చెత్త తీసి గాలి పారనివ్వండి.